నాంచారి జున్నుపాలు

నాంచారికి ఆ రోజు కూడా నాకబుద్ధి కాలేదు.

సుచరిత పలుపు పట్టుకుని లాగింది, బతిమాలింది, చివరికి తిట్టింది. నాంచారి నిండు చూలుతో ఉన్న ఒంగోలు ఆవు. దాని బరువు దానిది, దాని బింకం దానిది. కొట్టంలో కూలబడి ఉన్న పెద్దావు ముందు నిలబడి, పక్కచేలోని కంచె వైపు చూస్తోందే కానీ తల వంచడం లేదు. పెద్దావు మెడ మీద సుచరిత ఉప్పు రాసింది. నాంచారి ఉప్పు వద్దంటే బెల్లప్పాకం పూసింది. ఈగలు మహదానందంగా వచ్చి వాలాయి. రావలసిన నాలుక మాత్రం రాలేదు.

"నాకవే తల్లీ. నీ కన్నతల్లేగా అది. కాస్త నాకితే నీ సొమ్మేం పోతుంది?"

పశువైద్యంలో ఒక పట్టా, పరిశోధనలో ఇంకో పట్టా ఉన్న మనిషి ఆవు నాలుక కోసం ఇలా దేబిరించడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆమె భర్త మాల్యాద్రికి రాలేదు. అతను నడుముకి తువ్వాలు బిగించి, పెద్దావు పొట్ట కిందికి గోనెపట్టా తోస్తున్నాడు.

"దాని నాలిక సంగతి తర్వాత. ఇటొచ్చి కాళ్లు పట్టు. పక్క మార్చాల," అన్నాడు.

ఇద్దరూ కలిసి పెద్దావుని ఎడమ పక్క నుంచి కుడి పక్కకి పొర్లించారు. ఎడమ తుంటి మీద పుండు నిన్నటి కంటే వెడల్పయింది. సుచరిత దాన్ని కడిగి, పసుపూ వేపనూనే కలిపి పూసింది. పెద్దావు మూలగలేదు. మూలగడం మానేసి చాలా రోజులయింది.

కుంగుడు రోగం ఆ జిల్లాలోకి వచ్చి రెండేళ్లు దాటింది. దాని పోకిరీతనం ఏమిటంటే, ముందుగా ఏ కబురూ పెట్టదు. జ్వరం రాదు. గొడ్డు మేత మానదు. ఒక రోజు పొద్దున వెనక కాళ్లు మాత్రం, ఇక మా వల్ల కాదని చెప్పేస్తాయి. పడిన గొడ్డు లేవదు. రోజూ ఇటూ అటూ పొర్లించకపోతే ఒళ్లు ఒరుసుకుపోయి పుండ్లు పడతాయి, పుండ్లకి పురుగు పడుతుంది. చంపేది రోగం కాదు, ఆ పడుకోవడమే. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊళ్లల్లో చాలామంది పొర్లించలేక వదిలేశారు. మాల్యాద్రి వాళ్ల కొట్టంలో మాత్రం ఏడు గొడ్లు అలాగే పడి ఉన్నాయి, బతికే ఉన్నాయి. ఎందుకంటే సుచరిత వాటిని చావనివ్వడం లేదు.

"ఎన్నాళ్లని ఇట్టా పొర్లించేది వీటిని?" మాల్యాద్రి నడుం మీద చెయ్యి ఆనించి నిటారుగా నిలబడబోయి, సగంలోనే ఆగిపోయాడు.

"నాంచారి ఈనేదాకా."

"ఈనితే లేస్తయ్యా?"

"లేస్తాయి."

"నాకు నమ్మకం లేదు. మెత్తగా గడ్డి పరిచి, వాటి మానాన వాటిని వదిలేద్దాం."

ఇది రోజూ జరిగే సంభాషణే. రోజూ నమ్మకం లేదనేవాడు. రోజూ పొర్లించేవాడు. అతన్ని ఏమనాలో సుచరితకి ఎనిమిదేళ్ల కాపురంలోనూ అంతుపట్టలేదు.

అంతలో నాంచారికి ఏం తోచిందో, మెడ సాచి, ఈగల్ని ఒక్క ఊపున చెదరగొట్టి, తల్లి మెడని బరబరా నాకడం మొదలుపెట్టింది. సుచరితకి ప్రాణం లేచి వచ్చింది. కదిలితే ఎక్కడ ఆపేస్తుందోనని చేతిలో నూనెగిన్నెతో అలాగే కొయ్యబారి నిలబడిపోయింది.

నాంచారి పొదుగు పైన చర్మం కింద ఒక గింజ ఉంది. సుచరిత పనిచేసే ప్రయోగశాలలో దానికి మూరెడు పేరు పెట్టారు, ఇంట్లో మాత్రం గింజే. గురివింద గింజంత ఉండే జీవకణాల ముద్ద అది. ఆవు రోగిష్టి గొడ్డుని నాకినప్పుడల్లా రోగం రవ్వంత దాని ఒంట్లోకి పోతుంది. గింజ ఆ రవ్వని గుర్తుపట్టి, దానికి విరుగుడు ఎలా చెయ్యాలో పొదుగుకి నేర్పుతుంది. నేర్చుకున్నదంతా ఆవు ఈనిన రోజున తొలిపాలల్లోకి దిగుతుంది. దిగాక గింజ కరిగిపోతుంది. మొదటి పితుకులో మందు. రెండో పితుకులో అందులో పదోవంతు కూడా ఉండదు. మూడో పితుకు నుంచి అవి వట్టి పాలు.

అలాంటి గింజని ఆరు ఆవులకి పెడితే అయిదింటికి వాచి, చీముపట్టి ఊడిపోయింది. నిలిచింది నాంచారికి ఒక్కదానికే. అందుకే దాని బింకాన్ని అంతగా భరించడం.

*

ప్రయోగశాల పట్నంలో ఉంది. వారానికి రెండుసార్లు నాంచారి నెత్తురు సీసాలో పోసుకుని, బస్సెక్కి వెళ్లేది సుచరిత. ఒంటికి పేడ వాసన, చేతికి మందుల వాసన. బస్సులో పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే.

ఆ వారం పరాంకుశంగారు ఆమెని కూర్చోనివ్వకుండానే సూక్ష్మదర్శిని దగ్గరికి లాక్కుపోయాడు. అరవై దాటిన మనిషి, గింజకి మూలపురుషుడు, ఆనందం వస్తే చిన్నపిల్లాడైపోతాడు.

"చూడమ్మా, చూడు. నువ్వే చూడు."

కుంగుడు పట్టిన దూడ వెన్నులోంచి తీసిన నరాల కణాలు, ఎండిన చింతాకుల్లా ముడుచుకుపోయి ఉన్నాయి. పరాంకుశంగారు వాటి మీద నాంచారి నెత్తురు నుంచి తీసిన నీరు ఒక్క చుక్క వదిలాడు. కాసేపు ఏమీ జరగలేదు. సుచరిత కన్ను తీయబోయింది. అప్పుడు ఒక కణం అంచు కదిలింది. మెల్లగా విచ్చుకుంది. దాని పక్కది కూడా.

"సార్," అంది సుచరిత. కన్ను మాత్రం తీయలేదు.

"నెత్తురులో ఉన్నది రవ్వ. అసలు సరుకు పాలల్లో వస్తుంది. దూడకి దాని వాటా పోను మిగిలిన ప్రతి చుక్కా మనకి కావాలి. గిన్నెడు పడితే ఒక గొడ్డు లేస్తుంది. మీ ఏడింటికీ పోయగా మాకూ కొంచెం మిగులుతుంది. కాని వేడి తగలకూడదమ్మా. గోరువెచ్చన దాటిందంటే ఇక అది మందు కాదు. వెంటనే చల్లపెట్టెలో పెట్టి తీసుకురా. వచ్చేవారం వచ్చి కొత్త పెట్టె పట్టుకుపో."

ఆ సాయంత్రం ఇంటికి వస్తూనే సుచరిత అందరికీ చెప్పింది. మాల్యాద్రికి చెప్పింది. అతను ఊఁ అన్నాడు. వంటింట్లో చింతపండు పిసుకుతున్న అత్తగారు మాలకొండమ్మకీ చెప్పింది.

"అత్తయ్యా, నాంచారి ఈనితే మొదటి పూట పాలు మనింట్లో ఎవరూ ముట్టకూడదు. ఒక్క చుక్క కూడా."

మాలకొండమ్మ పిసకడం ఆపి కోడలి వంక చూసింది. ఆ ముఖంలో ఎన్నడూ లేని వాత్సల్యం.

"ముడతామా అమ్మాయ్! ఆ మాత్రం తెలవదా నాకు? నీకు ఎవురు చెప్పారో గాని, మంచి మాట చెప్పారు."

ఎనిమిదేళ్లలో అత్తాకోడళ్లు ఒక విషయం మీద గొడవ లేకుండా ఏకీభవించడం అదే మొదలు. ఉప్పు దగ్గర్నుంచి ఉతికిన బట్టలు ఆరేసే తీగ దాకా వాళ్లకి పడేది కాదు. ఆ రాత్రి సుచరిత హాయిగా నిద్రపోయింది. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానం రావాల్సింది. తెలివైనవాళ్లకి అలాంటి చోట అనుమానం రాదు.

*

నాంచారి వారం ముందే ఈనింది. సరిగ్గా సుచరిత చల్లపెట్టె కోసం పట్నం వెళ్లిన పూట.

ప్రయోగశాలలోకి ఫోను తీసుకుపోనివ్వరు. ఆమె బయటికి వచ్చి చూసుకునేసరికి మాల్యాద్రి రెండుసార్లు చేసి ఉన్నాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు. బస్సు కోసం ఆగే ఓపిక లేక ఆటో మాట్లాడుకుని, చల్లపెట్టె ఒళ్లో పెట్టుకుని దారి పొడుగునా డ్రైవరు ప్రాణం తీసింది. "కొంచెం తొందరగా పోనివ్వు బాబూ," అనడం, అతను గుంటలో దించితే, "కొంచెం నెమ్మదిగా పోనివ్వు బాబూ," అనడం.

ఇంటి ముందు దిగేసరికి మాలకొండమ్మ ఎదురొచ్చింది. కాళ్లకి పసుపు, ఒంటి మీద పెట్టెలోంచి తీసిన జరీ అంచు చీర.

"పెయ్యదూడ అమ్మాయ్! పాలపిట్టంత ముద్దుగా ఉంది. అప్పుడే లేచి గెంతుతా ఉంది."

సుచరిత కొట్టంలోకి పరుగెత్తింది. నాంచారి దూడని నాకుతోంది, ఎవరూ బతిమాలకుండానే. మాల్యాద్రి చివర్లో పడిపోయిన కోడెని ఒంటిచేత్తో పొర్లించే తంటాలు పడుతున్నాడు. పొద్దుననగా అది మెడ మెలిపెట్టుకుని ఊపిరాడక కొట్టుకుంటుంటే దాని దగ్గరే ఉండిపోయాడట. ఫోను గడ్డివాములో ఎక్కడో పడింది.

"పాలేవి?"

"అమ్మ పితికింది. నువ్వు చెప్పిన మాట గుర్తుంది గదా అనడిగా. ఉందిలే పోరా అంది."

సుచరిత వంటింట్లోకి వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసింది. నిన్నటి పప్పు ఉంది, దోసకాయ ఉంది. పాలగిన్నె లేదు. కడిగి బోర్లించిన ఇత్తడి బిందె గట్టు మీద మిలమిలా మెరుస్తోంది.

"పాలేవి అత్తయ్యా?"

"పంచేశా," అంది మాలకొండమ్మ తృప్తిగా.

సుచరితకి ఆ మాట వినపడింది. అర్థం కావడానికే కాస్త సమయం పట్టింది.

"పంచేశారా? ఎవరికి?"

"వీధిలో అందరికీ. మొదటి పితుకు జున్నుపాలు ఇంట్లోవాళ్లు నోట బెట్టకూడదు గదా. నువ్వే అంటివిగా? ఊళ్లో పెట్టాలి. ఇంట్లోవాళ్లం మూడో పితుకు నుంచి వండుకుంటాం. మా అత్తగారి నాటి నుంచీ అదే వరస. అట్టా పెట్టకపోతే పొదుగు ఎండిపోయిద్ది. అసలే కొట్టం నిండా పడిపోయిన గొడ్లు, ఎవరి కళ్లు బడ్డయ్యో ఏందో. ఈసారన్నా పది మంది చల్లగుండమని దీవించాలని ఎవురినీ వదల్లా. ఆ చివర మస్తానమ్మ దాకా ఇచ్చొచ్చా."

"నేను ముట్టొద్దని చెప్పాను కదా!"

"ముట్టలా అమ్మాయ్. ఒట్టు. గిన్నె అంచుకి అంటింది గూడా నాలిక మీదేసుకోలా."

సుచరిత గోడకి ఆనుకుంది. ఒళ్లు మండుతోంది, కాని ఎవరి మీద మండాలో తెలియడం లేదు. తను చెప్పిన మాటని అత్తగారు అక్షరాలా పాటించింది. ఎనిమిదేళ్లలో మొదటిసారి పాటించింది. నెత్తీ నోరూ కొట్టుకుందామంటే చేతుల్లో చల్లపెట్టె ఉంది.

"అత్తయ్యా, అవి మందు. పెద్దావు లేవడానికి, కోడె లేవడానికి, అన్నీ లేవడానికి అదే మందు. ఇంకోటి లేదు. ఉడికిస్తే చచ్చిపోతుంది."

మాలకొండమ్మ ముఖంలోంచి తృప్తి ఒక్కసారిగా పోలేదు. కొంచెం కొంచెంగా పోయింది. కొట్టం వైపు చూసింది, కోడలి చేతిలో పెట్టె వైపు చూసింది.

"పా అమ్మాయ్," అంది చివరికి. "పోయి అడుగుదాం. పంచిన జున్నుపాలు తిరిగి అడగడమంటే నా తల దీసేసినట్టుంటది. అయినా పా."

*

పక్కింటావిడ వాళ్లని చూడగానే పీట వాల్చింది.

"రా సుచరితా, కూర్చో. అమృతం అనుకో. ఇప్పుడే దించా."

పళ్లెంలో ముక్కలు కోసిన జున్ను. బెల్లం రంగు, పైన మిరియాల పొడి, యాలకుల వాసన. లోకంలో ఉన్న ఒకే ఒక్క మందుని ఆవిరి మీద కుదురుగా ఉడికించి, పలకలుగా కోసి ఆమె చేతిలోనే పెట్టారు.

"పచ్చిపాలు ఏమైనా మిగిలాయా పిన్నీ?"

"మిగల్చడమేంది తల్లీ! ఉన్నయ్యన్నీ పోసేశా. తిను, తిను. మిరియాలు సరిపోయినయ్యా?"

మాస్టారింట్లో చల్లారబెట్టి ఉంది. కిరాణా కొట్టాయన ఇంట్లో పొయ్యి మీద మూత ఎగురుతోంది. సుచరిత ఆ మూత తీసి, గిన్నెలో వేలు పెట్టింది. పైన గట్టిపడింది. అడుగున పలచగా ఉంది కాని వేలు మాడిపోయేంత వేడి. కొట్టాయన భార్య అది ఆకలనుకుని నవ్వింది. "ఉండమ్మాయ్, ఉడకనీ. అంత తొందరైతే ఎట్టా?" పదే పది నిమిషాల ముందు వచ్చి ఉంటే ఆ గిన్నె కోడెకి సరిపోయేది.

ఎవరూ వాళ్లని నిలబడి మాట్లాడనివ్వలేదు. జున్నుపాలిచ్చిన ఇంటివాళ్లు గుమ్మంలోకొస్తే ఉత్త చేతులతో ఎలా పంపుతారు? ప్రతి ఇంట్లో కూర్చోమన్నారు, ప్రతి ఇంట్లో పెట్టారు, తినేదాకా వదల్లేదు. "మందు" అని చెప్పబోతే, "అవునమ్మా, ఒంటికెంత మంచిదో," అన్నారు. మాలకొండమ్మ ప్రతి గుమ్మం దగ్గరా కొంగు నోటికడ్డం పెట్టుకుని వెనకే నిలబడింది. ఊరంతటిలోకి పెట్టుపోతల మనిషని పేరున్నావిడ అడగలేక, అడగకుండా ఉండలేక సతమతమయింది.

అయిదో ఇంట్లో సుచరిత ఇక కాదనే ఓపిక లేక ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. ఏడాది పాటు పొర్లించిన గొడ్లు, కడిగిన పుండ్లు, పూసిన బెల్లప్పాకం, ఎక్కిన బస్సులు, అన్నీ కలిసి నాలుక మీద వెన్నలా కరిగిపోయాయి. రుచి చాలా బాగుంది. అందుకే ఏడుపొచ్చింది. ఆ ఇంటివాళ్లు కారమెక్కువయిందేమోనని మంచినీళ్లిచ్చారు.

చివరగా మిగిలింది మస్తానమ్మ ఇల్లు. రేకుల పంచ, ముందు చిన్న పాక. మనిషి ఒంటరిది. ఉన్న ఒక్క ఆవూ నెల కిందట కుంగుడుతోనే పోయింది. దాని పెయ్య అయిదారు రోజుల కిందట పడిపోయిందని సుచరితకి తెలుసు. తనే వచ్చి చూసి, పక్క మార్చమని చెప్పి, ఇంకేం చెప్పాలో తెలియక వెళ్లిపోయింది.

పాక ముందు పెయ్య నిలబడి ఉంది.

వెనక కాళ్లు వణుకుతున్నాయి, కాని నిలబడి ఉంది. వాళ్లని చూసి బెదిరి రెండడుగులు వెనక్కి కూడా వేసింది.

"ఏం పోశావు దీనికి?" సుచరిత గొంతు తనకే కొత్తగా వినపడింది.

మస్తానమ్మ బెదురుగా మాలకొండమ్మ వైపు చూసింది. "పెద్దమ్మ ఇచ్చిన జున్నుపాలే. నా ఒక్కదానికి జున్నెందుకమ్మా? తల్లిలేని పెయ్య గదా, చచ్చేముందన్నా తల్లిపాలట్టా తాగుద్దిలే అని గొట్టంతో పోశా. పొద్దెక్కేసరికి లేచింది. తప్పు జేశానా?"

"తప్పు కాదు."

"మరి అంత మొహం బెట్టావేంది?"

సుచరిత మోకాళ్ల మీద కూర్చుని పెయ్య వెనక కాళ్లు తడిమింది. కండ బిగుసుకుంటోంది, వదులవుతోంది, మళ్లీ బిగుసుకుంటోంది. బరువు మోస్తోంది. తను చెప్పింది నిజమే. ఏడేళ్ల చదువు, గింజ, నాంచారి నాలుక, అంతా నిజమే. ఒక్క గిన్నె పచ్చిపాలు చాలని ఇప్పుడు ఊళ్లో పాక ముందు నాలుగు కాళ్ల మీద రుజువు నిలబడి ఉంది. ఆనందం, కోపం ఒకేసారి వస్తే మనిషి ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ నేర్పలేదు. పెయ్య తోక పట్టుకుని అలాగే కూర్చుంది.

*

ఫోనులో పరాంకుశంగారు మొదట ఒక్క అరుపు అరిచాడు. తర్వాత వెక్కినట్టు వినిపించింది.

"గెలిచిందమ్మా మన గింజ! ఒక చిన్న సీసాడు రక్తం తియ్యి ఆ పెయ్య నుంచి, దానికేం కాదు. విరుగుడు ఇప్పుడు దాని ఒంట్లో ఉంది కనక, అక్కణ్ణుంచి పట్టుకుని ఇక్కడే పెంచేస్తాం. గింజలక్కర్లేదు, నాకడాలక్కర్లేదు. ఏడాది, ఏడాదిన్నర. జిల్లాలో ప్రతి కొట్టానికీ మందు."

"మా ఏడు గొడ్లు సార్?"

"అవి ఏడాది ఆగగలవా?"

"ఆగలేవు. పెద్దావు వానలదాకా కూడా ఆగదు."

"ఊఁ," అన్నాడాయన. "రక్తం మాత్రం చల్లపెట్టెలోనే పంపమ్మా. జాగ్రత్త."

మస్తానమ్మ పెయ్య చెవి పట్టుకుంది. సుచరిత రక్తం తీసింది. నాలుగు లీటర్ల పాలకని తెచ్చిన పెట్టెలో బొటనవేలంత సీసా ఒక్కటే పెట్టి, సాయంత్రం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. పెట్టె లోపల సీసా గడగడా కొట్టుకుంటోందని కండక్టరు విసుక్కున్నాడు. ఆమె తన తువ్వాలు మడిచి లోపల కుక్కింది.

ఇంటికి వచ్చేసరికి మాలకొండమ్మ జరీ చీర విప్పేసి, పాతచీరతో వసారాలో కూర్చుని ఉంది. అన్నం కంచం ముందుంది. ముట్టలేదు.

"నాకెందుకు చెప్పలా అమ్మాయ్, అది మందని?"

"చెప్పాను అత్తయ్యా."

"ముట్టొద్దని చెప్పావు. ఎందుకో చెప్పలా. ఆ గింజేందో, ఆవు నాకితే ఏమయిద్దో, నీ మొగుడితో అంటంటే గోడవతల నుంచి వినడమే గాని, నాకు కూర్చోబెట్టి ఎప్పుడన్నా చెప్పావా? నేనా, ఏమన్నా అడుగుదామంటే నువ్వు యాడ విసుక్కుంటావోనని అడగలా."

మీరు మాత్రం నన్ను ఏనాడైనా దగ్గర కూర్చోబెట్టుకున్నారా, మొదటి పితుకు వరస నాకెవరు చెప్పారు, అని గొంతు దాకా వచ్చింది సుచరితకి. అనలేదు. అంటే అది కూడా నిజమే అవుతుంది, దానివల్ల ఒక్క గొడ్డూ లేవదు. కంచం తీసి వంటింట్లో పెట్టి, మూత వేసి వచ్చింది.

*

మాల్యాద్రి ఇంట్లో లేడు. పెయ్య లేచిందన్న కబురు ఊరంతా తిరిగి అతని చెవిన పడగానే, చేతిలో ఉన్న గడ్డిమోపు అక్కడే పడేసి మస్తానమ్మ ఇంటికి వెళ్లాడట. చీకటి పడే ముందు వచ్చాడు. అతని నడకే మారిపోయింది. నడుం మీద చెయ్యి లేదు.

ఎవరితోనూ మాట్లాడకుండా చెంబు తీసుకుని నాంచారి దగ్గర కూర్చున్నాడు. దూడని కాసేపు వదిలి, మళ్లీ కట్టి, రెండో పితుకు పితికాడు. ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. చెంబు కండువాలో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చి, పెద్దావు దగ్గర కూలబడ్డాడు.

"తల ఎత్తి పట్టు," అన్నాడు.

సుచరిత పట్టింది. అతను వెదురు గొట్టంతో, గుటకకీ గుటకకీ మధ్య ఆగుతూ, గొంతు నిమురుతూ పోశాడు. పెద్దావు మింగింది. అతని ముఖంలోకి అలా వెలుగు రావడం సుచరిత చూసి ఎన్నాళ్లయిందో.

"మస్తానమ్మ పెయ్య ఎంతసేపటికి లేచిందంట?"

"పొద్దెక్కేసరికి."

"ఇది ముసలిది గదా. ఇంకొంచెం సేపు పట్టిద్ది. తెల్లారేసరికి లేచిద్ది." అతను చెంబు వంచి, అడుగున మిగిలిన నురగని వేలితో తీసి పెద్దావు పెదవులకి రాశాడు. "రేపు పాలు కోడెకి పోద్దాం. ఎల్లుండి గిత్తకి. వరసగా అన్నీ లేస్తయ్యి. చూశా సుచరితా, నా కళ్లతో చూశా. నన్ను జూసి బెదిరి వెనక్కి నడిచింది. కుంగుడు పడ్డ గొడ్డు వెనక్కి నడిచింది!"

సుచరిత ఖాళీ చెంబు వైపు చూసింది. ఇవి రెండో పితుకు పాలు. రేపటివి వట్టి పాలు. గింజ ఈపాటికి కరిగిపోయి ఉంటుంది. నాంచారి మళ్లీ చూలు కట్టి, మళ్లీ గింజ నిలిచి, మళ్లీ ఈనేదాకా ఈ ఏడింటిలో ఒక్కటి కూడా ఉండదు. ఇతను ఇన్నాళ్లూ చెప్పినట్టు, వాటిని పొర్లించడం ఆపి, మెత్తటి గడ్డి పరిచి, వాటి మానాన వాటిని వెళ్లనివ్వడమే ఇక దయ. ఆ మాట తనే చెప్పాలి. ఏడాదిగా వద్దన్నది తనే కనక.

"మీకొక మాట చెప్పాలి," అంది.

"ఇప్పుడొద్దు."

"ఈ పాలల్లో..."

"తెలుసు." మాల్యాద్రి ఆమె వైపు చూడలేదు. "నువ్వు నాతో చెప్పినయ్యన్నీ గుర్తున్నయ్యి. మొదటి పితుకన్నావు. పదోవంతన్నావు. వింటానే ఉన్నా గదా ఏడాది బట్టి. లేస్తయ్యి, లేస్తయ్యి అని నువ్వు చెప్తానే ఉన్నావు, నేను ఒక్కరోజన్నా నమ్మలా. నమ్మకుండానే పొర్లించా. ఇయ్యాలే నమ్మా. ఈ ఒక్క రాత్రి నన్ను నమ్మనీ. ఏందో అది, రేపు చెబుదువుగాని."

సుచరిత చెప్పాల్సింది మింగేసింది. పెద్దావు మూతికి అంటిన పాలు కొంగుతో తుడిచి, దాని తల తన ఒళ్లోకి తీసుకుంది. మాల్యాద్రి లేచి అటు చివరకి వెళ్లి, వెనక కాళ్ల దగ్గర గొంతుక్కూర్చున్నాడు, కదులుతాయేమోనని.